రంగంలో ఒక రోజు

వ్రాస్తాను వ్రాస్తానని చెప్పి చాలాకాలం దాటవేసిన టపా ఇది. చూచినది ఒక్క రోజే కనుక యాత్రాచరిత్ర అని పేరు పెట్టడానికి మొగమాటంగా ఉన్నది.

మా తాళ్ళరేవు ప్రాంతపు పల్లెల్లో నా చిన్నతనాన "రంగం" అంటే నాటకరంగమూ కాదు, యుద్ధరంగమూ కాదు. రంగూను. "వాడు రంగం పోయాడు" అనేవారు. ఆ మాటకు డబ్బు సంపాదించుకొని వస్తాడనీ అర్థమే, ఇక రాడనీ అర్థమే. ఏ అర్థమో చెప్పే గొంతును బట్టి తెలుసుకోవాలి. భాషాప్రవీణ పరీక్షకు శబ్దార్థాలు వల్లించిన రోజుల్లో గూడ ఈ మాటకున్న రెండవ అర్థం నాకు మా పెద్దమామ్మ మొగం చూస్తేనే బోధపడేది.

పెద్దమామ్మ అంటే మా తాతగారి అన్నగారి భార్య. ఆయన పుట్టినది 1905లో. రంగూను రేవులో ఒక మేస్త్రీ వద్ద లెక్కలు వ్రాసే గుమాస్తా. 1941 కార్తీకంలో ఆయన దగ్గరనుండి ఒక ఉత్తరమూ కొంత మనియార్డరూ వచ్చినవి. సంక్రాంతికి వస్తానని ఆ ఉత్తరంలో ఉన్నది. తరువాత ఏమీ రాలేదు. పన్నెండేండ్లు కబురు లేనివానికి దర్భలతో ప్రతిమ చేసి కర్మ జరిపించవచ్చునని శాస్త్రం. 1953 దాటిన తరువాత పురోహితుడు ఆ మాట ఎత్తితే పెద్దమామ్మ ఆయనకు మంచినీళ్ళయినా ఇవ్వకుండా పంపించిందట. ఆమె 1979లో పోయింది, పసుపు కుంకుమలతోనే. పోయినవారి పేర్లు చెప్పి నీళ్ళు వదిలే ప్రతి సందర్భంలోనూ మా నాన్నగారు తమ్ముని కొడుకుగా ఆ పెదనాన్నగారి పేరు దగ్గర ఆగి, ఒక్క క్షణం ఊరుకొని, ముందుకు పోయేవారు. నాన్నగారి తరువాత ఆ ఆగడం నాకు వారసత్వంగా వచ్చింది.

2018 డిసెంబరులో సింగపూరులో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, తిరుగు ప్రయాణానికి ముందు ఒక శనివారం యాంగోనులో గడిపే ఏర్పాటు చేసింది. "నాన్నగారూ, ఒక్కరోజే. పుస్తకాలు, పరిశోధన అని పెట్టుకోకండి. చక్కగా నాలుగు చోట్లు చూచి, చెరువు గట్టున కూర్చుని రండి" అన్నది. అల్లుడు కూడ వచ్చాడు. సరేనన్నాను. సంచిలో మాత్రం పెదతాతగారి జాతకపు కాగితం నకలు ఒకటి పెట్టుకొన్నాను. ఆ సంగతి వారికి చెప్పలేదు.

ఉదయం సూలే పగోడా దగ్గర దిగాము. నగరానికి నడిబొడ్డు ఇదే. ఎనిమిది కోణాల బంగారు చైత్యం చుట్టూ వాహనాలు ప్రదక్షిణం చేస్తుంటవి. 1852లో రెండవ ఆంగ్ల-బర్మా యుద్ధం ముగిసి దిగువ బర్మా ఇంగ్లీషువారి చేతికి చిక్కిన తరువాత, అంతకు ముందు సింగపూరులో పనిచేసిన మాంట్‌గొమెరీ అనే వైద్యుడూ, బెంగాలు ఇంజనీర్లలో ఫ్రేజరు అనే లెఫ్టినెంటూ కలిసి ఈ ఊరికి చదరంగపు బల్ల వంటి పటం గీశారు. ఆ పటానికి కేంద్రం సూలే చైత్యం. అంతకు ముందిది దగోను అనే చిన్న ఊరు. 1755లో అలౌంగ్‌పయా అనే రాజు గెలిచి, కలహం ముగిసినదని అర్థం వచ్చేట్లు యాంగోను అని పేరు పెట్టాడు. ఇంగ్లీషువారి నోట అది రంగూనయింది, మన నోట రంగమయింది. 1989లో ప్రభుత్వం మళ్ళీ పాతపేరు నిలిపింది. 2005లో రాజధానిని నేపిడోకు తరలించడం మొదలుపెట్టారు. అయినా దేశంలో పెద్ద నగరం ఇదే. 2014 జనాభా లెక్కల్లో యాభై లక్షలు దాటింది.

వీథుల్లో మోటారుసైకిళ్ళు లేవు. నగరంలో నిషేధమట. కార్లు రోడ్డుకు కుడివైపున నడుస్తవి, 1970 నుండి. కాని చాలా కార్లకు స్టీరింగు కూడ కుడివైపే, మనకున్నట్లు. ఆ డ్రైవరు ముందున్న బండిని దాటేటప్పుడల్లా నేను కళ్ళు మూసుకొన్నాను.

నడుస్తూ దుకాణాల పేరుపలకలు చూస్తుంటే చిత్రమైన భ్రాంతి కలిగింది. దూరం నుండి చూస్తే తెలుగే! గుండ్రని అక్షరాలు, సున్నలు, అరసున్నలు. దగ్గరకు పోతే ఒక్కటీ చదవరాదు. అద్దాలు మరచిపోయి బయలుదేరినవాని స్థితి. ఇది భ్రాంతి మాత్రమే అని కొట్టివేయడానికి వీలులేదు. బర్మా లిపి మోను, ప్యూ లిపుల ద్వారా దక్షిణ భారతపు బ్రాహ్మీ శాఖనుండి వచ్చినదే. శ్రీక్షేత్రంలో 1926లో దొరికిన పాళీ బంగారు రేకుల లిపిని పండితులు కదంబ, ఆంధ్రదేశపు లిపులతో పోల్చారు. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది గనుక అక్షరం గుండ్రనయిందని చెబుతారు. ఆ మాట మనకూ వారికీ సమానమే. మోను జాతివారిని బర్మీయులు "తలైంగు" అనేవారు. అది "తెలింగ" నుండి వచ్చిందని 19వ శతాబ్దంలో ఫేయరు వాదించాడు. కాదని తరువాతివారు వాదించారు. మోనులకు ఆ మాట అవమానంగా తోస్తుంది. మన పేరు ఒకరికి తిట్టయినదని సంతోషించే తెలుగువాడిని నేను కాను గనుక, ఈ వ్యుత్పత్తి వీగిపోతే నాకేమీ బాధ లేదు.

వారాల పేర్లు అడిగి తెలుసుకొన్నాను. మంగళవారం "ఇంగా", అంగారకుడు. బుధవారం "బొద్దహూ". గురువారం "చాదబదే", బృహస్పతి. శనివారం "సనే". మా అల్లుడు "మామయ్యగారికి శెలవురోజు లేదు" అని నవ్వాడు.

సూలే నుండి మహాబందూల ఉద్యానం పక్కగా పాన్సొడాన్ వీథి పట్టుకొని నదివైపు నడిచాము. ఇంగ్లీషువారి కాలంలో దీని పేరు ఫేయరు వీథి; పైని చెప్పిన ఫేయరు పేరే. పేవుమెంటు మీద పాత పుస్తకాలు పరచి అమ్ముతారు. అమ్మాయి మాట దాటరాదని వంగలేదు, కాని ఆగాను. ఈ వీథుల్లోనే 1903 నుండి 1916 వరకు శరత్ చంద్ర చటర్జీ గుమాస్తాగా తిరిగాడు. ఇల్లు తగలబడి వ్రాతప్రతులు బూడిద చేసుకొన్నదీ ఈ ఊళ్ళోనే. మన తరంవారు శరత్తును తెలుగు రచయిత అనుకొనే చదివారు గదా. 'శ్రీకాంత్' చదివినవారికి రంగూను ఓడప్రయాణం సొంత అనుభవం లాగానే ఉంటుంది. శరత్తు గుమాస్తా గనుక బ్రతికాడు, వ్రాశాడు. గుమాస్తాలందరూ శరత్తులు కారు.

నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డు. 1901లో కట్టిన హోటలు తెల్లగా మెరుస్తూ ఉన్నది. దానిని దాటితే రేవు.

ఇక్కడ కొంచెం నిలబడవలె.

1869లో సూయజు కాలువ తెరచిన తరువాత ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. కొన్ని దశాబ్దాల్లో రంగూను ప్రపంచంలోకెల్ల పెద్ద బియ్యపు ఎగుమతి రేవుల్లో ఒకటయింది. ఆ బియ్యం మిల్లుల్లో ఆడించి, బస్తాలు ఓడలకెత్తినవారిలో మనవారు ఎందరో. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుండి పొగఓడలెక్కి పోయారు. వారందరికీ అక్కడ పేరు ఒకటే: "కోరంగీలు". కోరంగి మా ఊరికి కూతవేటు. ఓడలు కట్టిన ఊరు. 1839 నవంబరు తుపానులో ఉప్పెన మీదపడి ఆ రేవు మళ్ళీ లేవలేదు. రేవు పోయినా పేరు సముద్రం దాటి, దానిని ఎన్నడూ చూడని శ్రీకాకుళం కూలీ నెత్తిన కూడ కూర్చున్నది. 1931 జనాభా లెక్కలనాటికి నగరంలో సగంమందికి పైగా భారతీయులు. బర్మా మొత్తంలో తెలుగువారు లక్షన్నర దాటారు.

మా ఇంట్లో పెదతాతగారి ఉద్యోగాన్ని గొప్పగా చెప్పుకొనేవారు. "రంగంలో వందమంది ఆయన చేతికింద" అనేవారు. నేను పెద్దవాడినయి, 1933లో వెలువడిన 'ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్' వంటి పుస్తకాల్లోని సంగతులు తెలుసుకొన్న తరువాత ఆ గొప్ప నా నోట రావడం మానివేసింది. మేస్త్రీ స్వగ్రామంలోనే కూలీకి ముందస్తు ఇస్తాడు, ఓడ టిక్కెట్టు కొంటాడు. రంగూనులో దిగిన నాటినుండి ఆ బాకీ కూలిలోంచి పట్టుకొంటాడు. కూలీల ఇండ్లలో ఒక్కొక్క గదిలో పదులకొద్దీ మనుషులు వంతులవారీగా పడుకొనేవారు. కంపెనీవాడు ఇచ్చే కూలిడబ్బు మేస్త్రీ చేతిగుండానే దిగాలి. దిగేటప్పుడు చేతికి కొంత అంటుకొనేది. ఆ అంటుకొన్నదెంతో కాగితం మీద ఎవరు వ్రాసేవారు? గుమాస్తా. మా పెద్దమామ్మకు వచ్చిన మనియార్డర్లు ఏ లెక్కలోనుండి వచ్చినవో ఆమె అడిగి ఉండదు. మేమూ ఆ డబ్బుతో కొన్న అరటితోటలో కాయలు తిన్నవారమే.

1930 మేలో ఈ రేవులోనే కోరంగీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఆ నెల 5వ తేదీన గాంధీగారు అరెస్టయ్యారు. అదేరోజు పెగూ భూకంపం వచ్చి వందలమంది పోయారు. ఓడకంపెనీలకు ఎత్తుడు ఆగరాదు. బర్మీయులను పనిలో పెట్టుకొన్నారు. తరువాత కోరంగీలతో రాజీ కుదిరింది. మే 26న వారు పనిలోకి వచ్చారు, బర్మీయులను పొమ్మన్నారు. పనికని వచ్చి, లేదనిపించుకొన్నవారు ఎదుట కనబడినవారి మీద పడ్డారు. కొన్నిరోజులు ఊళ్ళో తెలుగు కూలీని చూస్తే నరకడమే. అధికారుల లెక్క ప్రకారమే నూరుమందికి పైగా చచ్చారు, అత్యధికులు మనవారు. రెండు పూటలా కడుపు నిండని ఇద్దరిని ఒకే బస్తా కోసం కొట్లాడనిచ్చి, ఓడ సకాలానికి బయలుదేరించుకొన్నవారి పేర్లు ఏ కేసులోనూ లేవు.

పెదతాతగారు అప్పుడు ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఒక ఉత్తరం వ్రాశారట, "క్షేమం, మీరు పత్రికలు చదివి భయపడవద్దు" అని. ఆయన బ్రతికినారు గాని, ఆయన కాగితంలో పేర్లున్న కూలీలలో ఎందరు బ్రతికినారో.

రేవులో ఇప్పుడు డాలా దరికి పోయే పడవలు, పక్షులకు వేసే తిండి అమ్మే ఆడవాళ్ళు, ఆ తిండికి అరుస్తూ ఎగిరే తెల్లని సముద్రపు కాకులు. నీళ్ళు మా గోదావరి వరదనీళ్ళ రంగే. తర్పణం వదలాలంటే ఇదే చోటు. చెప్పులు విడిచాను కూడ. కాని చేయి లేవలేదు. 1953లో మంచినీళ్ళు దొరకక వెళ్ళిపోయిన పురోహితుడు జ్ఞాపకం వచ్చాడు. చెప్పులు మళ్ళీ తొడుక్కొన్నాను. అమ్మాయి చూచింది, ఏమీ అడగలేదు.

పక్కసందులో ఒక టీకొట్టు. మోకాలెత్తు బల్లలు, దానికి తగిన పీటలు. దోసెను "తోషే" అంటున్నారు. మేము ముగ్గురం తెలుగులో మాట్లాడుకోవడం విని, కొట్టు యజమాని దగ్గరకు వచ్చాడు. డెబ్బయి దాటినవాడు, లుంగీ, చెంపలకు తనఖా గంధం.

"ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు.

చెప్పాను. అతనికి తెలియదు. "మా తాతది సికాకోళం దగ్గిరంట. రేవులో మూటలు మోసేడంట. మా మామ్మ ఇక్కడి మనిషే. నాకు తెనుగు మాటాడ్డమే వచ్చు, రాయలేను" అన్నాడు. పిల్లలకు ఆ మాట్లాడటమూ రాదట. 1964లో ప్రభుత్వం దుకాణాలన్నీ జాతీయం చేసినప్పుడు లక్షలమంది భారతీయులు వెళ్ళిపోయారు గదా, మీరెందుకు పోలేదని అడిగాను. "ఓడెక్కినోళ్ళు ఇసాపట్నంలో కేంపుల్లో ఉన్నారన్నారు. ఇక్కడ మామ్మ ఉంది. ఎక్కడికెళ్తాం?" అన్నాడు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉన్నదని చెబితే సంతోషించాడు.

బర్మా స్త్రీని చేసుకొని అక్కడే ఉండిపోయినవారు ఉన్నారని మా ఊళ్ళో గుసగుసలుగా చెప్పుకొనేవారు. పెదతాతగారిని గూర్చి కూడ. అది పెద్దమామ్మ చెవిని పడినదో లేదో తెలియదు. టీకొట్టు మనిషి ముక్కు మా ఇంటి ముక్కేమోనని, సిగ్గు విడిచి చెబుతున్నాను, కొంచెంసేపు చూశాను. కాదు. టీకి డబ్బు పుచ్చుకోలేదు. మా అమ్మాయి చేతిలో ఒక సమోసా పొట్లం పెట్టాడు, పుట్టింటివారు పెట్టినట్లు.

మధ్యాహ్నం జఫర్ దర్గాకు వెళ్ళాము. చివరి మొగలు చక్రవర్తిని 1858లో ఢిల్లీనుండి వెడలగొట్టి ఇక్కడ ఉంచారు. 1862 నవంబరు 7న ఆయన పోతే, ఆనవాలు మిగలకుండా నేల చదునుచేసి గడ్డి పెంచారు. 1991లో కాలువ త్రవ్వుతుంటే అసలు సమాధి బయటపడింది. మెట్లు దిగి క్రిందికి పోతే చల్లగా ఉంటుంది. పచ్చని గుడ్డ, గులాబిరేకులు. ఇంగ్లీషువారి సమరూపత ఇక్కడితో పూర్తికాలేదు: 1885లో బర్మా చివరిరాజు తీబోను తెచ్చి మన రత్నగిరిలో ఉంచారు. 1916లో అక్కడే పోయాడు. రాజులను అటూ ఇటూ మార్చినట్లే కూలీలనూ ఓడల్లో మార్చారు. పోతే, చక్రవర్తిగారి గోరీ 129 ఏండ్లకయినా దొరికింది.

ఎండ చల్లబడే వరకు కాండోజీ చెరువు గట్టున కూర్చున్నాము. చెట్లనీడ, చెక్కలవంతెన, నీటిమీద తేలుతున్నట్లున్న కరవేకు మందిరం. పేరు పాళీలోని కరవీక పక్షి. మా అల్లుడు బెంచీమీద నిద్రపోయాడు. నేను కూడ పోవలసినదే; విశ్రాంతికనే గదా వచ్చినది. కాని కళ్ళు మూస్తే 1941 డిసెంబరు 23. పట్టపగలు జపాను విమానాలు వచ్చినప్పుడు జనం వీథుల్లో నిలబడి తలెత్తి చూశారట, బాంబులని తెలియక. ఆ రెండు మూడు రోజుల్లో వేలమంది పోయారు. తరువాత 1942 మార్చి 8న నగరం జపానువారి వశమయ్యే లోపలా, ఆ తరువాతా నాలుగైదు లక్షలమంది కాలినడకన దేశానికి బయలుదేరారు. తౌంగుప్ కనుమమీదుగా అరకాను తీరానికి కొందరు, తము మీదుగా మణిపురానికి కొందరు. కలరా, ఆకలి, వాన. దారిలో రాలిపోయినవారు కొన్ని అంచనాల్లో యాభైవేల దాకా ఉన్నారు. దొరలకు ఒక దారి, నల్లవారికి ఒక దారి అని ఆ చావుప్రయాణంలో గూడ వేరు పెట్టారు.

రేవు గుమాస్తా మొదటి బాంబుకే పోయి ఉండవచ్చు. కనుమలో కూర్చుండిపోయి ఉండవచ్చు. ఈ చెరువుగట్టున మనుమలతో పల్లీలు తిని ఉండవచ్చు. ఈ మూడింటిలో పెద్దమామ్మకు ఏది తక్కువ కష్టమో నేను ఇప్పటికీ నిర్ణయించలేను.

సాయంత్రం ష్వేడగోనుకు బయలుదేరాము. తూర్పు మెట్లదారిలో పూలు, ధ్వజాలు, గొడుగులు అమ్ముతారు. చెప్పులు క్రిందనే. దొరలు బూట్లతో వస్తామన్నందుకు ఇంగ్లీషువారి కాలంలో పెద్ద గొడవ జరిగింది. జాతీయోద్యమానికి అది ఒక మెట్టయింది. పైకి పోతే చలువరాయి ఇంకా పగటి వేడి విడువలేదు. మధ్యన దాదాపు వంద మీటర్ల బంగారు చైత్యం. తపుస్స, భల్లిక అనే ఇద్దరు వర్తకులు బుద్ధుని ఎనిమిది తలవెంట్రుకలు తెచ్చి ఇక్కడ నిక్షేపించారని ఐతిహ్యం. ఇప్పటి ఎత్తు 1768 భూకంపం తరువాత సిన్‌బ్యూషిన్ రాజు కట్టించినప్పటిది. గంటలో ఎవరూ మాట్లాడని క్షణం ఒక్కటి కూడ లేదు, అయినా నిశ్శబ్దంగానే ఉన్నదనిపించింది. దీపాలు పెడుతున్నారు. కుటుంబాలు చాపలు పరచుకొని క్యారేజీలు విప్పి తింటున్నవి. గుడిలో ఇంత నెమ్మదిగా కూర్చోవచ్చునని మనవారు మరచిపోయారు.

చైత్యం చుట్టూ ఎనిమిది మూలల్లో ఎనిమిది వారాల స్థానాలు. వారానికి ఏడు రోజులే గదా అంటారు. బుధవారాన్ని రెండుగా చీల్చారు. మధ్యాహ్నం వరకు బుధుడు, దంతాలున్న ఏనుగు. మధ్యాహ్నం దాటితే రాహువు, దంతాలు లేని ఏనుగు. ఎవరు ఏ వారం పుట్టారో ఆ మూలనున్న బుద్ధవిగ్రహానికి నీళ్ళు పోస్తారు. కొందరు తమ వయసెంతో అన్ని గిన్నెలు పోసి, మరొకటి కలుపుతారు, రాబోయే ఏటికి.

సంచిలోని కాగితం తీశాను. పెదతాతగారి జననం బుధవారం, సాయంసంధ్య.

రాహువు మూల జనం తక్కువగా ఉన్నారు. ఒక చిన్నపిల్ల గిన్నె అందించింది. నువ్వులు లేవు, దర్భ లేదు, గోత్రం చెప్పలేదు. పోయినవారికి చేసే పని కాదిది. బ్రతికినవారు తమకోసం చేసుకొనేది. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ పోశాను. ఆయన చేతికింద లెక్క పడిన మూటలవాళ్ళు కూడ మనసులోకి వచ్చారు. వారి వారాలు ఎవరికి తెలుసు? ముప్పయియారు దగ్గర ఆగాను. ఆఖరి ఉత్తరం వ్రాసిన నాటికి ఆయన వయసు ముప్పయియారు.

అమ్మాయి పక్కకు వచ్చింది. "ఎన్ని పోశారు నాన్నగారూ?"

చెప్పాను. కాగితం చూపించాను.

"అయితే ఇంకొకటి పోయాలిగా?" అన్నది.

నాన్నగారు ఆగినంతసేపే నేనూ ఆగాను. తరువాత గిన్నె నింపి పోశాను. పెద్దమామ్మ అక్కడ ఉంటే నా చేతిలోది లాగుకొని తానే పోసి ఉండేది.

క్రిందికి దిగేసరికి మా అల్లుడి చెప్పులు కనబడలేదు. అరగంట వెదికాము. తూర్పు ద్వారాన విడిచి దక్షిణ ద్వారాన వెదుకుతున్నామని చివరకు తెలిసింది. విమానం తెల్లవారుజామున. 2021 ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ అధికారం లాగుకొన్న తరువాత ఆ టీకొట్టాయన ఎలా ఉన్నాడో కబురు తెలుసుకొనే దారి దొరకలేదు.